అన్నయ్య బదులు

వెళ్లాల్సింది నేను కాదు, అన్నయ్య.

ఆ దేశపు భాష రేడియోలో విని నేర్చుకున్నది తను. నాన్న టైలరింగ్ షాపులో కాజాల పని అన్నయ్యది. పుట్టుకతోనే గుండెలో లోపం. మిషను తొక్కకూడదు, బరువులెత్తకూడదు, మెట్లెక్కితే మధ్యలో రెండుసార్లు ఆగాలి. అందుకని కూర్చున్నచోటే కూర్చుని కాజాలు కుట్టేవాడు, గుండీలు వేసేవాడు. మధ్యాహ్నం రేడియోలో పాఠం మొదలవగానే చేతిలో సూది ఆగకుండానే పెదాలు కదిలించేవాడు.

"ఏంట్రా ఆ గొణుగుడు? చొక్కాకి మంత్రం వేస్తున్నావా?" అనేవాడు నాన్న.

ఎదురుగా కూర్చుని హెమ్మింగ్ చేసే నాకు కూడా ఆ భాష కొద్దికొద్దిగా అంటుకుంది, ఇంట్లో ఒకరికొచ్చిన జలుబు ఇంకొకరికి అంటుకున్నట్టు.

ఆ రేడియోవాళ్లే ఒక పోటీ పెట్టారు. అన్నయ్య గెలిచాడు. బహుమతి ఆ దేశంలో ఒక వేసవి. అక్కడ ఎవరింట్లోనో ఉండి, వాళ్ల పనిలో ఓ చేయి వేస్తూ భాష నేర్చుకోవాలి. విమానం అనే మాట వినగానే డాక్టరు తల అడ్డంగా ఊపేశాడు. నాన్న ఇంకో మాట అడగబోతే చేయి ఎత్తి ఆపేశాడు.

ఆ రోజంతా అన్నయ్య రేడియో పెట్టలేదు. మర్నాడు నేను చొక్కా అంచు మడుస్తుంటే, తలెత్తకుండా, "చెల్లీ, నువ్వెళ్లు" అన్నాడు.

"నాకు భాష సరిగ్గా రాదుగా."

"నోరుంది కదా. దాంతో మొదలుపెట్టు."

అమ్మ వినగానే గయ్యిమంది. పదిహేడేళ్ల పిల్లని ఒంటరిగా దేశం దాటించడమేమిటని ఆమె గోల. పైగా స్కూళ్లు తెరిచేముందు వేసవి అంటే మా షాపులో ఊపిరాడదు. నీలం నిక్కర్లు, తెల్లచొక్కాలు కప్పుదాకా పేరుకుపోతాయి. అప్పుడు నాన్న కత్తెర కింద పెట్టి, "దీన్నీ ఆపేస్తే, డాక్టరు ఇద్దరికీ వద్దన్నట్టే అవుతుంది" అన్నాడు. ఆ రాత్రే అమ్మ అటక మీంచి పెట్టె దింపింది.

రేడియోవాళ్లని ఒప్పించింది కూడా అన్నయ్యే. బయల్దేరే రోజు నా పెట్టె మీద కూర్చుని జిప్పు లాగుతూ ఒక్కటే షరతు పెట్టాడు. "ఫోన్లో 'బాగుంది' అని మాత్రం చెప్పకు. బాగుంది అంటే నాకేం కనపడదు."

*

నన్ను తీసుకున్నావిడకి మొక్కల నర్సరీ ఉంది. ఇంటి వెనకే పొడుగాటి అద్దాల షెడ్డు. లోపలికెళ్తే తడిమట్టి వాసన, మెడ మీద చెమట. ట్రేలలో మొలిచిన నారుని ఒక్కొక్కటిగా తీసి చిన్న కుండీల్లోకి మార్చడం నా పని. వేలెడు మొక్కని వేరు తెగకుండా తీయడం కాజా కుట్టడంలాంటిదే, చేతికి తొందర పనికిరాదు.

అక్కడ పెద్దవాళ్లని కూడా పేరు పెట్టే పిలుస్తారట. అమ్మ వయసు మనిషిని పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. మూడు రోజులు ఏమీ పిలవకుండా ఎదురెళ్లి నిలబడి నెట్టుకొచ్చాను. నాలుగో రోజు ఉండబట్టలేక "పిన్నీ" అన్నాను. అదేమిటని అడిగింది. అమ్మకి చెల్లెలు అని చెప్పాను. ఆవిడ మట్టిచేతులతోనే తల వెనక్కి వాల్చి నవ్వి, "పీనీ" అని పలికి చూసుకుంది. అప్పట్నుంచీ అదే ఖాయమైంది. ఆవిడ భర్త స్కూలు బస్సు డ్రైవరు. పిన్ని భర్త కాబట్టి ఆయన బాబాయ్ అయిపోయాడు. బాబాయ్ మాటలు బహు పొదుపు. అన్నం దగ్గర ఉప్పు కావాల్సినా అడగడు, ఉప్పుడబ్బా వైపు చూస్తాడు, అంతే.

ఆదివారం ఆదివారం షాపు ఫోనుకి చేసేదాన్ని. ముందు అమ్మ. "తింటున్నావా? పిన్నేంటే, నాకు తెలీకుండా నాకో చెల్లెలు ఎక్కణ్ణించి ఊడిపడింది?" అని దెప్పేది. తరవాత అన్నయ్య. ఇక పరీక్ష మొదలు.

"కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?"

"వీధి."

"వీధి మన దగ్గరా ఉంది. సరిగ్గా చూడు."

"ఎదురింటి మెట్ల మీద ఒక ముసలాయన బూట్లు తుడుచుకుంటున్నాడు. ఒక బూటే తుడుస్తున్నాడు చాలాసేపట్నుంచి."

"రెండోది ఎక్కడుంది?"

"కుక్క నోట్లో ఉంది."

అవతల అన్నయ్య నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేవాడు. వెనక నాన్న మిషను టకటకా నడుస్తూనే ఉండేది. వారమంతా నేను అన్నయ్య కళ్లతో తిరిగేదాన్ని. బస్సులో ముందు ఎవరు దిగుతారు, గేటు తీస్తే ఏ చప్పుడొస్తుంది, వానకి ముందు అద్దాల షెడ్డు ఏ రంగుకి మారుతుంది. ఏది చూసినా ఇది ఆదివారం చెప్పాలి అనుకునేదాన్ని. అన్నయ్యకి చెప్పాల్సి ఉండబట్టే ఆ దేశం నాకు కనపడింది. లేకపోతే వీధిని వీధిలాగే చూసి తిరిగొచ్చేదాన్ని.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం ఫోను నాన్న ఎత్తాడు. అన్నయ్య ఏడీ అంటే, "పడుకున్నాడమ్మా, రాత్రంతా పని" అన్నాడు. సరే అనుకున్నాను. అమ్మకిమ్మంటే, పక్కింటికెళ్లిందన్నాడు. ఫోను పెట్టేస్తాడేమో అనుకునేలోపు, నాన్న గొంతు సవరించుకుని, "కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?" అని అడిగాడు.

నాకు భలే సంతోషమేసింది. చొక్కా కొలతలు తప్ప ఇంకోటి అడిగే అలవాటు లేని మనిషి. అన్నయ్య గాలి సోకింది అనుకుని, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నాన్న ప్రతిదానికీ "ఊఁ" అంటూ విన్నాడు.

ఆ తరవాతి ఆదివారం అన్నయ్య గుండీలు తేవడానికి బజారుకెళ్లాడు. ఆపైవారం ఏదో స్కూలుకి యూనిఫారాలు ఇచ్చి రావడానికి వెళ్లాడు. "మెట్లెక్కలేనివాణ్ణి మూటలిచ్చి పంపించావా నాన్నా?" అని గట్టిగానే అడిగాను. "రిక్షా పెట్టాంలే" అన్నాడు నాన్న. వెంటనే, "అవునూ, ఆ ముసలాయన బూటు దొరికిందా?" అన్నాడు. బూటు సంగతి వినేసరికి నా కోపం పోయింది.

ఆ రోజుల్లోనే షెడ్డులో పిన్నీ బాబాయ్ తగువు పడటం చెవినపడింది. నన్ను చూసి ఆపేశారు. "చెప్పాలి", "మన పని కాదు" అనే రెండు ముక్కలే అర్థమయ్యాయి. నేనేదో తప్పు చేశానని, నన్ను పంపించేస్తారేమోనని భయపడి, ఆ సాయంత్రం ఎవరూ అడక్కుండానే షెడ్డు మొత్తం ఊడ్చాను.

*

ఒక ఉదయం ఇద్దరం నారు మారుస్తున్నాం. పిన్ని చేతులు ఆగిపోయాయి. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంది. స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టి, తను నేల మీద, నా మోకాళ్లకి ఎదురుగా కూర్చుంది.

మన భాషలో ఆ సంగతి చెప్పడానికి ఎన్ని మెత్తటి మాటలున్నాయో. పోయాడంటాం, కన్నుమూశాడంటాం, మనకిక లేడంటాం. ఆ భాషలో అప్పటికి నాకు వచ్చింది ఒకే మాట. అదీ ఆ షెడ్డులోనే నేర్చుకున్నాను. ట్రేలో మొక్క వాడి నేలకి ఒరిగిపోతే వాడే మాట. పిన్నికి నాకు ఏ మాటలొచ్చో, ఏవి రావో బాగా తెలుసు. అందుకే ఆ మాటే వాడింది.

నేను ట్రే వైపు చూశాను. ఏ మొక్క అని అడిగాను.

పిన్ని నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని, "నీ అన్న" అంది.

ఎప్పుడని అడిగితే చెప్పింది. పడుకున్నాడని నాన్న అన్న ఆదివారానికి ముందు రోజు. షాపులోనే, కుర్చీలోనే, పాఠం వింటూ. మా మామయ్య, నన్ను పంపిన రేడియో ఆఫీసు మేడమ్‌కి ఫోను చేసి చెప్పాడట. పిల్ల ఎలాగూ సమయానికి అందుకోలేదు, ఏడ్చినా ఒంటరిగా ఏడవాలి, తిరిగొచ్చేదాకా అక్కడన్నా నవ్వుతూ ఉండనివ్వండి అన్నాడట. మేడమ్ పిన్నికి చెప్పి మాట తీసుకుందట.

"వాళ్లు నీ అమ్మానాన్నలు. వాళ్ల మాట కాదనకూడదని ఆగాను" అంది పిన్ని. నాకు అర్థం కావాలని ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "నిన్న నువ్వు ఈ మొక్క పేరు అడిగి రాసుకున్నావు. ఎందుకని అడిగితే, అన్నకి చెప్పాలన్నావు. నేను పేరు చెప్పాను. చెప్పాక, ఇక దాచలేకపోయాను. నీకు నామీద కోపం వస్తే రానీ."

కోపం రాలేదు. ఏమీ రాలేదు. నా గోళ్ల కింద మట్టి కనపడుతోంది. లేచి హాల్లోకెళ్లి ఫోను ఎత్తాను. నంబరు సగం తిప్పాను. అప్పుడు అక్కడ పొద్దు ఎంతైందో లెక్క కట్టాను. షాపు నిండా స్కూలు పిల్లలు, వాళ్ల అమ్మలు ఉండే వేళ. నాన్న మెడలో టేపు వేసుకుని, ఎవరో పిల్లవాడి భుజం కొలుస్తూ ఫోను ఎత్తుతాడు. ఆ గుంపులో నిలబడి నాకు చెప్పాలి. ఫోను పెట్టేశాను.

ఆదివారం వచ్చింది. వద్దనుకుంటూనే చేశాను. నాన్నే ఎత్తాడు.

"అన్నయ్య..." అన్నాను.

"స్నానం చేస్తున్నాడమ్మా" అన్నాడు నాన్న.

నాన్న అబద్ధమాడటం ఆ వేసవిదాకా నేను ఎన్నడూ ఎరగను. పండగకి అందదంటే అందదని గిరాకీ మొహం మీదే చెప్పేసే మనిషి. వెనక మిషను చప్పుడు లేదు. నా ఫోను కోసం ఆపి కూర్చున్నాడన్నమాట.

"కిటికీలోంచి ఏం కనిపిస్తోందమ్మా?"

నేను కిటికీలోంచి చూశాను. వీధిలో ఎవరూ లేరు. ముసలాయన మెట్లు ఖాళీగా ఉన్నాయి.

"ముసలాయన వచ్చాడు నాన్నా" అన్నాను. "కొత్త బూట్లు కొనుక్కున్నాడు. కుక్కకి చూపిస్తున్నాడు."

"ఊఁ" అన్నాడు నాన్న. "మెల్లగా చెప్పమ్మా, తొందరేముంది?" అన్నాడు.

అలా మిగిలిన ఆదివారాలన్నీ ఆయన నాకోసం, నేను ఆయనకోసం, లేనిది ఉన్నట్టు చెప్పుకుంటూ గడిపాం. పిన్ని వంటగది గుమ్మంలో నిలబడి వినేది. మాటలు అర్థం కాకపోయినా నా గొంతు విని ఏం జరుగుతోందో పోల్చుకుంది. ఒక్కసారి మాత్రం, "వాళ్లకి తెలియాలి కదా, నీకు తెలుసని" అంది. తల అడ్డంగా ఊపాను. మళ్లీ అడగలేదు.

ఏడుపు ఆ ఇంట్లో రాలేదు. బస్సులో వచ్చింది. ఒక మధ్యాహ్నం బాబాయ్ పిల్లలందర్నీ దింపేసి, ఖాళీ బస్సు తెచ్చి ఇంటి ముందు ఆపి, రమ్మని చేయి ఊపాడు. వెనక సీట్లో కూర్చున్నాను. బస్సు ఊరు దాటి, పొలాల పక్కన, ఎవరూ ఎక్కని ఎవరూ దిగని దారిలో పోతోంది. ఇంజను రొద. ఆ రొదలో నా గొంతు నాకే వినపడలేదు కాబట్టి, ఎంత గట్టిగా ఏడ్చానో తెలీదు. బాబాయ్ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. అద్దంలో నేను కనపడకుండా దాన్ని పక్కకి తిప్పేశాడు. చీకటి పడకముందే ఇంటి దగ్గర ఆపి, "రేపు కూడా వెళ్దాం" అన్నాడు. వెళ్లాం. చాలా రోజులు వెళ్లాం.

*

తిరిగొచ్చిన రోజు అమ్మ, నాన్న, మామయ్య ముగ్గురూ వచ్చారు. అమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది గానీ మొహంలోకి చూడలేదు. ఎంత చిక్కిపోయిందో, జాకెట్టు భుజాలు జారుతున్నాయి. ఇంట్లో దర్జీ ఉండీ దానికో కుట్టు పడలేదు.

టాక్సీలో నాన్న నా పక్కన కూర్చుని మొదలుపెట్టాడు.

"అన్నయ్యకి మధ్యలో కొంచెం నలత చేసిందమ్మా."

ఎన్నిరోజులు సాధన చేశాడో ఆ మాటలు.

"తెలుసు నాన్నా" అన్నాను.

నాన్నకి వినపడలేదు. వినపడినా ఆగలేకపోయాడు. "నలతే కదా అనుకున్నాం. డాక్టరు దగ్గరికి..."

"నాన్నా, నాకు తెలుసు."

ఆయన నోరు ఇంకా కొంచెం తెరిచే ఉంది. ముందు సీట్లో మామయ్య తల దించుకున్నాడు. అమ్మ అటువైపు కిటికీలోంచి చూస్తూనే, "ఎప్పట్నుంచి?" అంది. చెప్పాను. ఎవరు చెప్పారంది. అదీ చెప్పాను. ఇల్లు వచ్చేదాకా నాన్న నా చేయి తన చేతిలోకి తీసుకుని, గుండీ ఊడిందేమో చూసినట్టు, నా చొక్కా మణికట్టు దగ్గర వేలితో తడుముతూ కూర్చున్నాడు.

పరామర్శకి వచ్చేవాళ్లంతా ఎప్పుడో వచ్చి వెళ్లిపోయారు. స్కూళ్లు తెరిచేశారు. కాజాలు వేరే షాపుకి పంపిస్తున్నారు. అన్నయ్య కుర్చీ మీద ఇస్త్రీ చేసిన చొక్కాలు పెట్టుకుంటున్నారు. పక్కింటావిడ నన్ను చూసి, "ఎలా ఉందే ఫారిన్?" అంది. "బాగుంది" అన్నాను.

మా ఇంట్లో ఏడుపు అయిపోయింది. నాది కూడా అయిపోయింది, కాకపోతే పరాయి దేశంలో, బస్సు వెనక సీట్లో. ముగ్గురం ఒకే మనిషి కోసం ఏడ్చాం గానీ, ఒక్కసారి కూడా కలిసి ఏడవలేదు. ఆ లోటు తరవాత ఎన్నేళ్లకీ పూడలేదు. ఒకరు ఏడుపు మొదలుపెడితే మిగతా ఇద్దరం గౌరవంగా పక్కగదిలోకి వెళ్లిపోవడం అలవాటైపోయింది మాకు.

చిన్నతనంలోనే దేశాలు చూస్తే చూపు విశాలమవుతుందంటారు. నాకు మాత్రం చూపు రెండయింది. దాచడమే ప్రేమ అనుకునే ఇంట్లో పుట్టాను. చెప్పడమే ప్రేమ అనుకునే ఇంట్లో ఆ వేసవి ఉన్నాను. ఇప్పుడు ఎవరి ఇంట్లో ఎవరికి కష్టమొచ్చినా, చెప్పాలా దాచాలా అని నన్ను అడుగుతారు, లోకం చూసినదాన్ని కదా అని. ఒకరిని చెప్పమంటాను, ఇంకొకరిని ఆగమంటాను. ఏ రోజూ ధైర్యంగా అనలేదు. నాన్న మిషను ఆపుకుని కూర్చున్న ఆ ఆదివారాన్ని తలుచుకుంటే దాచడం తప్పని ఎలా అనను? నేల మీద కూర్చున్న పిన్నిని తలుచుకుంటే చెప్పడం తప్పని ఎలా అనను?

అమ్మకి మాత్రం పిన్ని మీద కోపం వచ్చింది. "నా కొడుకు పోయాడని నా కూతురికి ఎవరో పరాయి మనిషి చెప్పాలా?" అని మామయ్యతో అంటుంటే విన్నాను. నేనక్కడి కబుర్లు ఏం మొదలుపెట్టినా లేచి వెళ్లిపోయేది. నాన్న అడిగేవాడు గానీ, అమ్మ గదిలో ఉంటే ఆయనా అడిగేవాడు కాదు. ఒక రోజు షాపులో ఇద్దరమే ఉన్నప్పుడు మాత్రం, మిషను తొక్కుతూ, "ఫోన్లో నువ్వు చెబుతుంటే, వాడు పక్కన నిలబడి వింటున్నట్టే ఉండేదే" అన్నాడు. నేను చొక్కా అంచు మళ్లీ మొదట్నుంచి మడిచాను.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని గిన్నెలు తుడుస్తున్నాను. షాపు నుంచి మిషను చప్పుడు వస్తోంది. అమ్మ ఉన్నట్టుండి, నావైపు తిరక్కుండానే, "ఆ రోజు ఏం తిన్నావే?" అంది.

"ఏ రోజు?"

"నీకు చెప్పిన రోజు."

నేను గుర్తు తెచ్చుకున్నాను. "ఏమీ తినలేదమ్మా. సాయంత్రం పాలు ఇచ్చింది."

అమ్మ చేతిలో గిన్నె కిందపెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి ఎప్పుడో పోయినా తుడుచుకుంటూనే ఉంది.

"వేడి చేసి ఇచ్చిందా?"

"వేడి చేసే ఇచ్చిందమ్మా" అన్నాను. "తాగేదాకా గ్లాసు పట్టుకునే ఉంది."